గీత దాకా నింపిన డబ్బాలు

విజయవాడలో మా విశ్వవిద్యాలయం పరిశోధన ల్యాబ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఈమధ్య అక్కడ కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు మా ఇంటికొచ్చి, "మేడమ్, మీ సర్వీసులో జరిగిన గొప్ప విషయం ఏదైనా చెప్పండి" అని అడిగారు. ఏ అరుదైన జబ్బు గురించో, ఏ ఖరీదైన మిషన్ గురించో చెబుతానని వాళ్ల ఆశ. నాకు మాత్రం వెంటనే గుర్తొచ్చింది మూడు లీటర్ల తెల్ల ప్లాస్టిక్ డబ్బా. అందులో ఉండేది మనుషుల మూత్రం.

పిల్లలు మొహమొహాలు చూసుకుని నవ్వాపుకున్నారు. "నవ్వండమ్మా, నవ్వండి" అన్నాను. నేను చేసిన అతి పెద్ద తప్పూ, ఇవాళ్టికీ నేను గర్వంగా చెప్పుకునే పనీ రెండూ ఆ డబ్బాలోంచే వచ్చాయి. వాళ్లకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అప్పటికి నా రిటైర్మెంటుకు ఇంకో మూడేళ్లుంది. చల్లపల్లి దాటాక కిందికి, సముద్రం వైపు ఉన్న ఊళ్లలో రక్తపోటు ఎక్కువగా కనిపిస్తోందని మా ప్రొఫెసర్ గారికి ఎప్పట్నుంచో అనుమానం. ఎందుకని? ఉప్పెక్కువ తింటారు కనుక, అన్నారు అందరూ. ఆవకాయ, ఎండు చేపలు, ఊరమిరపకాయలు, ఇంకేం కావాలి? కానీ అందరూ అన్నంత మాత్రాన అది పరిశోధన కాదు, కొలిచి చూపించాలి. ఆ పని మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఒక యువ డాక్టరుకు అప్పజెప్పారు.

మనిషి ఎంత ఉప్పు తింటాడో అడిగితే తెలియదు. "పచ్చడి ఎంత వేసుకుంటారండీ?" అంటే, "ఏదో, నంజుకోడానికి కాస్త" అంటారు. ఆ కాస్త ఎంతో వాళ్లింటి జాడీని అడగాలి. అందుకని ఒక పగలూ ఒక రాత్రీ వచ్చిన మూత్రమంతా చుక్క పోకుండా డబ్బాలో పట్టించి, ల్యాబ్‌కి తెచ్చి కొలుస్తాం. తిన్న ఉప్పులో చాలా భాగం అందులోంచే బయటికొస్తుంది. లీటరుకి ఎంత ఉప్పుందో చూసి, ఎన్ని లీటర్లుందో దానితో హెచ్చిస్తే మనిషి గుట్టు బయటపడుతుంది. ఇంతకుమించి మీరు తెలుసుకోవాల్సిన శాస్త్రం ఇందులో లేదు.

రెండు ఊళ్లు ఎంచుకున్నారు. ఒకటి మైలవరం వైపు మెట్ట ఊరు, రెండోది నేను చెప్పిన సముద్రం వైపు ఊరు. రెండింటినీ పోల్చాలి.

మేం నలుగురం. ప్రొఫెసర్ గారికి నా వయసే, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరేం చెప్పినా ఇంకో ప్రశ్న వెయ్యందే వదలరు. యువ డాక్టరుది ఇబ్రహీంపట్నం. వాళ్ల నాన్న అక్కడ థర్మల్ స్టేషన్‌లో పనిచేసి పోయాడు. పీహెచ్‌డీ చేతికొస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి వెళ్లాలని ఆ అబ్బాయి రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. జీపు డ్రైవర్ది మైలవరం, ప్రతిదానికీ ఒక సామెత సిద్ధంగా ఉండేది. నాలుగోదాన్ని నేను. మా నాన్న వన్ టౌన్‌లో చేతి గడియారాలు బాగుచేసేవాడు. ఆయన పక్కన కూర్చుని పెరిగిన నాకు కొలతంటే పిచ్చి. నా చేతి లెక్క తప్పదని ల్యాబ్‌లో పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మైలవరం వైపు ఊళ్లో పని సజావుగా అయిపోయింది. డబ్బాల్లో ఒక్కోటి ఒక్కో మట్టంలో వచ్చింది. ఒకటి సగం, ఒకటి పావు, ఒకటి నిండు. ఒక్కోదాన్నీ కొలజాడీలో పోసి చూడ్డానికి నా నడుం పడిపోయింది. వాసన సంగతి చెప్పక్కర్లేదు. అప్పుడు నా బుర్రలో ఒక అతితెలివి మెరిసింది. రెండో ఊరికి డబ్బాలు పంపే ముందు, ప్రతి డబ్బా మీదా రెండు లీటర్ల దగ్గర ఎర్ర మార్కర్‌తో అడ్డంగా ఒక గీత గీశాను. మట్టం గీతకి పైనుందా కిందుందా చూసి సగం పని కళ్లతోనే చేసెయ్యొచ్చు కదా అని. నన్నెవరూ గీయమనలేదు. ప్రొఫెసర్ గారు చూసి, "బాగుందమ్మా ఐడియా" అన్నారు. దాంతో నేను ఇంకా పొంగిపోయాను.

సముద్రం వైపు ఊళ్లో ఒక పెద్దావిడ ఇంటి వసారాయే మా ఆఫీసు. డెబ్బై దాటాయి, మాటలో గట్టిదనం ఏమాత్రం తగ్గలేదు. వీధిలో ఆడవాళ్లంతా ఆవిడ మాట వింటారు. నేను పెద్దమ్మగారూ అని పిలిచేదాన్ని. వెళ్లగానే మాకు స్టీలు గ్లాసుల్లో నీళ్లిచ్చింది. ఒక గుక్క తాగానో లేదో నాలుక ముడుచుకుంది, అంత ఉప్పగా ఉన్నాయి. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. మర్యాదకి గ్లాసు ఖాళీ చేసి, "బాగున్నాయండీ" అన్నాను.

ఆ తర్వాత అందరి రక్తపోటూ చూసి రాసుకుని, డబ్బాలు పంచాం. "ఒక్క చుక్క కూడా బయటికి పోకూడదు, మర్చిపోకండి" అని పదిసార్లు చెప్పాం. గీత ఎందుకుందో మాత్రం ఎవరం చెప్పలేదు. వాళ్లూ అడగలేదు.

మర్నాడు డబ్బాలు వసారాలో వరసగా పెట్టి ఉన్నాయి. చూసి నేను దిమ్మెరపోయాను. ఒకటో రెండో తప్ప అన్నీ సరిగ్గా గీత దగ్గర. డ్రైవర్ జీపులోకి ఎక్కిస్తూ, "చూశారా మేడమ్, మా మైలవరపోళ్ల కంటే వీళ్లకి క్రమశిక్షణెక్కువ" అన్నాడు. నేనూ అలాగే మురిసిపోయాను. ల్యాబ్‌లో మూత తీసినప్పుడు రంగు కాస్త పల్చగా అనిపించింది. ఎండలో పనిచేసేవాళ్లు, నీళ్లు బాగా తాగుతారేమో అనుకుని రిజిస్టర్లో రాసేశాను. ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న కళ్లకి అక్కడే అనుమానం రావాలి. కానీ గీత గీసింది నేనే, అందరూ దాన్ని పాటించారన్న సంతోషంలో ఉన్నాను. సంతోషంలో ఉన్న మనిషికి లోపం ఎక్కడ కనపడుతుంది?

లెక్కలు తేలాక సముద్రం వైపు ఊరివాళ్ల మూత్రంలో ఉప్పు, మెట్ట ఊరివాళ్ల కంటే చాలా ఎక్కువని వచ్చింది. ఇంత స్పష్టమైన ఫలితం ప్రొఫెసర్ గారు కూడా ఊహించలేదు. ఒక పెద్ద సదస్సులో చదవడానికి సారాంశం పంపారు, వాళ్లు ఒప్పుకున్నారు. యువ డాక్టరు బందరు లడ్డూలు తెచ్చి ల్యాబంతా పంచి, "మేడమ్, ఈ వేసవిలోపే థీసిస్ ఇచ్చేస్తా" అన్నాడు. నా చేతిలో రెండు లడ్డూలు పెట్టాడు.

మా ప్రొఫెసర్ గారిది ఒక నియమం. ఎవరి దగ్గర శాంపిల్ తీసుకున్నామో వాళ్ల రిపోర్టు వాళ్ల చేతికే ఇవ్వాలి, వాళ్ల భాషలో చెప్పాలి. అలా కొన్ని నెలల తర్వాత రిపోర్టులు పట్టుకుని నేనూ డ్రైవరూ ఆ ఊరు వెళ్లాం. యువ డాక్టరు థీసిస్ రాసుకుంటూ విజయవాడలోనే ఉండిపోయాడు.

పెద్దమ్మగారు వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూడగానే, "ఏమ్మా, మా డబ్బాలు బాగానే ఉన్నాయా?" అని అడిగింది.

"బ్రహ్మాండంగా ఉన్నాయి పెద్దమ్మగారూ. అందరూ సరిగ్గా గీత దాకా ఇచ్చారు. మీ ఊరోళ్లంత పద్ధతైన వాళ్లని నేనెక్కడా చూళ్లేదు."

ఆవిడ మొహం చాటంతయింది. "మరి! యూనివర్సిటీ వాళ్లు గీత గీసి మరీ ఇస్తే, వెలితిగా ఎట్టా పంపుతాం తల్లీ? నాకు సగానికే వచ్చింది. పంపు కొట్టి మిగతాది నింపేశా. మా కోడలి డబ్బా కూడా నేనే నింపా. వీధంతా తిరిగి చెప్పా, పాపం ఆ అమ్మాయి మంచిది, దానికి మాట రానీకండర్రా అని."

చేతిలో రిపోర్టుల కట్ట అలాగే ఉండిపోయింది. వెనక డ్రైవర్ దగ్గాడు.

ఆవిడ తప్పేముంది? ఏమనగలను? రంజాన్ పండక్కి మా అమ్మ షీర్ ఖుర్మా పాయసం చేసి పక్కింటి వాళ్లకి గిన్నెలో పంపేది. ఆ గిన్నె ఏనాడూ మాకు ఖాళీగా తిరిగి రాలేదు. ఇంకేం లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి పంపేవాళ్లు. వాళ్లింటి నుంచి వచ్చిన గిన్నె మేమూ అలాగే పంపేవాళ్లం. ఇంటి గడప దాటే పాత్ర వెలితిగా వెళ్లకూడదని పుట్టినప్పట్నుంచీ తెలిసిన మనిషిని నేను. తెలిసి తెలిసి డబ్బా మీద గీత గీసి, ఇక్కడి దాకా నింపండి అని వాళ్లకి నేనే చెప్పినట్టయింది.

బయటికి వచ్చే ముందు, "పెద్దమ్మగారూ, ఆ పంపు నీళ్లు ఒక సీసాడు ఇస్తారా?" అని అడిగాను. "దాహమా తల్లీ?" అంటూ సీసా నిండా, అంచు దాకా పోసిచ్చింది.

కాలవ గట్టు మీద జీపు వస్తుంటే డ్రైవర్ అద్దంలోంచి నా వంక చూస్తూనే ఉన్నాడు. చివరికి ఇలా అన్నాడు. "మేడమ్, పెద్దోళ్లు ఒక మాటన్నారు. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని. ఆ ముసలమ్మ చెప్పింది నేను విన్లేదు. మీరూ విన్లేదు. ఆ కుర్రాడి బతుకు బాగుపడుద్ది."

వాడు చెడ్డవాడు కాదు, ఆ అబ్బాయి మీద ప్రేమతోనే అన్నాడు. నాకూ ఆ మాట చెవికి ఇంపుగానే వినపడింది, అబద్ధం ఎందుకు? నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అబ్బాయికి డిగ్రీ వస్తుంది, ఉద్యోగం వస్తుంది, నా పేరు చెక్కుచెదరకుండా రిటైరవుతాను. ఉయ్యూరు దాటి, కంకిపాడు దాటి బెంజ్ సర్కిల్ చేరేదాకా ఇదే మథన. ఆ పంపు నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు ల్యాబ్‌కి వెళ్లి ఆ నీళ్లు మిషన్లో పెట్టాను. అంకె చూశాక ఇంక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. ఆ చీటీ పట్టుకుని తిన్నగా ప్రొఫెసర్ గారి గదికి వెళ్లాను. యువ డాక్టరు అక్కడే ఉన్నాడు, బల్ల మీద థీసిస్ అధ్యాయాలు పరిచి ఉన్నాయి. నిలబడే మొత్తం చెప్పేశాను.

ముందు తేరుకున్నది యువ డాక్టరే. "సార్, నీళ్లు కలిస్తే ఏమవుతుంది? లీటరుకి ఉప్పు తగ్గుతుంది, లీటర్లు పెరుగుతాయి. హెచ్చిస్తే మొత్తం అంతే కదా! ఫలితం మారదు సార్!" అన్నాడు. వాడి కళ్లలో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చింది. వాడు చెప్పింది నిజమే, లెక్క ప్రకారం.

ప్రొఫెసర్ గారు అలవాటు ప్రకారం ఇంకో ప్రశ్న వేశారు. "ఏ నీళ్లు?"

నేను చీటీ బల్ల మీద పెట్టాను. మామూలు మంచినీళ్లు కలిస్తే మొత్తం మారేది కాదు. కలిసింది ఉప్పునీళ్లు. మేం అంత గొప్పగా కొలిచిన ఉప్పులో మనుషుల ఒంట్లోంచి వచ్చిందెంతో, పంపులోంచి వచ్చిందెంతో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా మైలవరం వైపు డబ్బాల మీద గీతే లేదు. ఇక పోలికేముంది?

అబ్బాయి ఆ చీటీ తీసుకుని చదివాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా మేడమ్" అన్నాడు. కోపంగా అనలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"నాకు తెలుసు కదా బాబూ" అన్నాను.

వాడు కాగితాలు సర్దుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను ప్రొఫెసర్ గారితో, "మెమో ఇవ్వండి సార్, తీసుకుంటాను" అన్నాను. అంత ముక్కోపి మనిషి ఆరోజు గొంతు పెంచలేదు. "గీత చూసి బాగుందన్నది నేనే కదమ్మా. ముందు నాకు నేను ఇచ్చుకోవాలి మెమో" అన్నారు. నా ఎదుటే సదస్సు వాళ్లకి ఉత్తరం టైపు చేసి, పంపిన సారాంశం వెనక్కి తీసుకుంటున్నామని, కారణం ఇదని దాచకుండా రాశారు. పంపాక కళ్లజోడు తీసి, "వెళ్లి మళ్లీ తీసుకురండి. ఈసారి గీతలేం వద్దు" అన్నారు.

అబ్బాయికి ఆ ఏటి ఇంటర్వ్యూ పోయింది. పక్షం రోజులు నాతో మాట్లాడలేదు. అడిగిన రిజిస్టరు ఇచ్చేవాడు, తీసుకునేవాడు, అంతే. నేనూ కదిలించలేదు. వాడి స్థానంలో నేనున్నా అంతే చేసేదాన్ని.

మళ్లీ వెళ్లాలంటే అసలు చిక్కు వేరే ఉంది. గీత లేకపోతే మాత్రం వెలితిగా పంపుతారా? ముందుగా వెళ్లి పెద్దమ్మగార్ని కదిపితే, "గీత లేకపోతే మూత దాకా నింపాలా?" అని అడిగింది పాపం. తప్పు జరిగిందని చెబితే చిన్నబుచ్చుకుంటారు, చెప్పకపోతే మళ్లీ నింపుతారు. వారం రోజులు ఇదే ఆలోచన. చివరికి మా అమ్మ గిన్నెలే దారి చూపించాయి.

ఈసారి ప్రతి డబ్బాతో పాటు ఒక చిన్న సీసా కూడా పట్టుకెళ్లాం. వసారాలో ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి నేనే చెప్పాను. "అమ్మా, ఈ పెద్ద డబ్బా గిన్నె లాంటిది కాదు. ఇందులో వెలితి ఉంటేనే నిజం. ఎంత వస్తే అంతే, ఒక్క చుక్క కలిపినా మీ ఒంట్లో సంగతి మాకు తెలీదు. పోయినసారి గీత గీసి మిమ్మల్ని తికమక పెట్టింది నేనే, తప్పు నాది. వెలితిగా పంపామే అని మీకు బాధ లేకుండా ఈ చిన్న సీసా. మీ ఇంట్లో మీరు తాగే నీళ్లు దీన్నిండా నింపి, డబ్బాతో పాటు పంపండి. అప్పుడు మీ మర్యాదా దక్కుతుంది, మా లెక్కా దక్కుతుంది."

పెద్దమ్మగారు తలూపి, "అట్టా చెప్పు. అది పద్ధతిగా ఉంది" అంది. ఇక ఎవరికీ ఇంకో మాట అవసరం లేకపోయింది. మర్నాడు డబ్బాలు ఒక్కోటి ఒక్కో మట్టంలో వచ్చాయి, చిన్న సీసాలన్నీ మాత్రం అంచు దాకా నిండుగా. ఆ ఎగుడుదిగుడు డబ్బాల వరస చూసి యువ డాక్టరు చాన్నాళ్ల తర్వాత నా వంక తిరిగి నవ్వాడు.

ల్యాబ్‌కి వచ్చాక, "ఆ నీళ్ల సీసాలు పారబోసేద్దామా మేడమ్?" అన్నాడు వాడు. నిజం చెప్పాలంటే వాటిని మర్యాద కోసమే పట్టించాను, నాకు ముందుచూపేమీ లేదు. కానీ సీసాల మీద ఇంటి నంబర్లు రాసి ఉన్నాయి. నంబరున్న శాంపిల్‌ని కొలవకుండా పారబోసిన పాపం నేనెప్పుడూ మూటగట్టుకోలేదు. "ఉండు బాబూ, మిషన్ ఖాళీగానే ఉంది కదా" అని ఒక్కోటీ పెట్టాను.

ఒకే వీధిలో ఇంటింటికీ నీళ్లు వేరుగా ఉన్నాయి. కొందరివి పంపు నీళ్లు, కొందరివి కొనుక్కునే టిన్ను నీళ్లు, కొందరివి కాలవ నీళ్లు. ప్రొఫెసర్ గారు ఆ అంకెల్ని మూత్రంలో ఉప్పు పక్కనా, రక్తపోటు పక్కనా పెట్టి చూసి లేచి నిలబడ్డారు. ఆయన అలా లేచి నిలబడ్డం నేను చూడటం అదే మొదటిసారి. నీళ్లలో ఉప్పెక్కువున్న ఇళ్లలోనే మనుషుల్లోనూ ఉప్పెక్కువ, రక్తపోటూ ఎక్కువ. ఆ ఊరి ఫలితం మొదటిసారి అంత భారీగా ఈసారి రాలేదు. వచ్చిందానికి మాత్రం కారణం కనపడింది. ఇన్నేళ్లూ ప్రతి డాక్టరూ ఆవకాయ మానండి, ఎండు చేపలు మానండి అని ఆ ఊరివాళ్లని తిట్టిపోశాడు. వాళ్లు తాగే గ్లాసు వంక ఎవరూ చూడలేదు. మెట్ట ఊరికి కూడా సీసాలు పట్టుకెళ్లి అక్కడా మొదట్నుంచీ మళ్లీ చేశాం.

థీసిస్ ఏడాదికి పైగా ఆలస్యమైంది. అందులో మొదటిసారి ఏం జరిగిందో అబ్బాయి ఒక అధ్యాయం మొత్తం రాశాడు, గీత సంగతితో సహా. పరీక్షకుడిగా వచ్చిన పెద్దాయన మిగతావన్నీ వదిలేసి ఆ అధ్యాయం గురించే అడిగి, చివర్లో లేచి చెయ్యి కలిపాడట. పేపరు అచ్చయినప్పుడు రచయితల వరసలో మూడో పేరు నాది. టెక్నీషియన్ పేరు సాధారణంగా చివర కృతజ్ఞతల్లో చిన్న అక్షరాల్లో పోతుంది. ప్రొఫెసర్ గారూ అబ్బాయీ పట్టుబట్టి నా పేరు పైకి తెచ్చారు. మా నాన్న ఉంటే గడియారాలు చూసుకునే భూతద్దం పెట్టి మరీ చదివేవాడు. ఆరోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో, ఇప్పుడు రాస్తుంటే కూడా అంతే గర్వంగా ఉంది. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. ఆ అబ్బాయి ఇప్పుడు వేరే ఊళ్లో అసిస్టెంట్ ప్రొఫెసర్. కొత్త బ్యాచ్‌కి మొదటి క్లాసులో మార్కర్ చూపించి ఈ కథే చెబుతాడట.

రిటైరయ్యాక ఒకరోజు ఆ పేపరు పట్టుకుని బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. ఈలోగా ఆ ఊరికి కాలవ నీళ్ల పైపు వచ్చింది. మా పేపరు వల్లే వచ్చిందని నేను చెప్పను, మధ్యలో ఎన్నికలు కూడా వచ్చాయి. కానీ పంచాయతీ వాళ్లు పెట్టిన అర్జీ వెనక మా పేపరు నకలు కుట్టి ఉందని మాత్రం నాకు తెలుసు.

పెద్దమ్మగారు పేపరు అటూ ఇటూ తిప్పి, "ఇంతకీ ఏం రాశారే మా గురించి?" అని అడిగింది.

"మీ నీళ్లలో ఉప్పుందని రాశాం పెద్దమ్మగారూ."

ఆవిడ బుగ్గన వేలేసుకుంది. "ఓసినీ! ఆ మాత్రానికి ఇన్నేళ్లు తిరిగారా? నన్నడిగితే మొదటిరోజే చెప్పేదాన్నిగా!"

నవ్వీ నవ్వీ నాకు కళ్లనీళ్లొచ్చాయి. తర్వాత ఆ కళ్లనీళ్లు తుడుచుకుంటూనే, "నేనే మీకు చెప్పి ఉండాల్సింది. మొదటిరోజు మీరిచ్చిన నీళ్లు తాగి బాగున్నాయన్నాను. అబద్ధం చెప్పానండీ" అన్నాను.

"నాకు తెలీకపోవడమేంటే? నీ మొహం చూస్తేనే తెలిసిపోయింది. మర్యాద తెలిసిన పిల్ల అనుకున్నా. అందుకేగా నీ డబ్బాలన్నీ దగ్గరుండి నింపించా" అంది.

ఆవిడ మోకాలు పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. కొత్త కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. స్టీలు గ్లాసు అంచు దాకా నింపి, తొణక్కుండా నడిచొచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు తాగి నిజం చెప్పు."

చుక్క మిగల్చకుండా తాగాను.

"తియ్యగా ఉన్నాయండీ" అన్నాను.